ఆవుకి అన్నం, పిల్లికి పెరుగన్నం ఎందుకు పడవు?

మీరు అడిగింది ఇది. బెంగళూరులో హొరమావు వైపు ఉంటున్నారు. పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చే ఆవుకి రాత్రి మిగిలిన అన్నం, చపాతీలు పెడుతున్నారు. మీది శాకాహార కుటుంబం కాబట్టి ఇంట్లో పిల్లికి కూడా పాలు, పెరుగన్నమే. ఐదో తరగతి చదివే మీ అబ్బాయి "గడ్డి తిని ఆవుకి అంత బలం వస్తుంటే, అన్నం తిని మన పిల్లికి ఎందుకు రాదు?" అని అడిగాడు. మీకేం చెప్పాలో తెలియలేదు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆవుకి అన్నం, చపాతీలు పెట్టడం ఆపేయండి. పిల్లి తిండి ఈ వారంలోనే మార్చడం మొదలుపెట్టండి. ఆవు గడ్డిని తనంతట తాను అరిగించుకోలేదు. దాని పొట్టలో కోట్లకు కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి, అవి అరిగించి పెడితే ఆవు బతుకుతుంది. పిల్లికి అలాంటి ఏర్పాటు లేదు. దానికి కావలసిన కొన్ని పదార్థాలు వేరే జంతువు శరీరంలో తయారై ఉంటేనే దొరుకుతాయి. అన్నం ఆవు పొట్టలో ఆ సూక్ష్మజీవుల్ని తలకిందులు చేస్తుంది. పిల్లికేమో కడుపు నింపుతుంది కానీ కావలసినవి ఇవ్వదు.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను. పంతొమ్మిదేళ్లుగా బెంగళూరు చుట్టుపక్కల, ఎక్కువగా హొసకోటె, దేవనహళ్ళి వైపు పాడి పశువులు చూస్తున్నాను. సాయంత్రాలు ఊళ్లో కుక్కలు, పిల్లులు కూడా చూస్తాను. ఈ రెండు రకాల కేసులూ నా దగ్గరికి వస్తూనే ఉంటాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

గడ్డిలో బలం లేక కాదండీ. పచ్చగడ్డి అయినా, రాగిగడ్డి అయినా, వరిగడ్డి అయినా అందులో పెద్ద భాగం సెల్యులోజ్. బియ్యంలో పిండిపదార్థంలాగే అదీ గ్లూకోజ్‌తో అల్లినదే. అల్లిక మాత్రం వేరు. ఆ అల్లికను విప్పే ఎంజైమ్ మనకి లేదు, పులికి లేదు, ఆవుకి కూడా లేదు. ఈ చివరి మాట చెబితే పాడి రైతులు కూడా ఒక్కోసారి నమ్మరు. కానీ నిజం. ఏ క్షీరదం శరీరమూ ఆ ఎంజైమ్‌ని సొంతంగా చేసుకోలేదు. బాక్టీరియా, కొన్ని ఫంగస్‌లు, ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులు చేయగలవు. అందుకే మేసే జంతువులన్నీ ఆ సూక్ష్మజీవుల్ని ఒంట్లో పెట్టుకుని పోషిస్తాయి.

ఆవు నోటి నుంచి మొదలుపెడదాం. దానికి పై దవడలో ముందు పళ్ళు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింద ఎనిమిది ముందు పళ్ళు ఉంటాయి. నాలుకతో గడ్డిని చుట్టి, కింది పళ్ళకీ పై చిగురుకీ మధ్య బిగించి, తల ఊపి తెంపుతుంది. మొదటిసారి పెద్దగా నమలదు, గబగబా మింగేస్తుంది. నీడలో పడుకున్నాక ఆ ముద్దని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నింపాదిగా నములుతుంది. మనం నెమరు అనేది అదే. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వేస్తుంది. అప్పుడు దవడ కిందికీ పైకీ కాదు, తిరగలిలాగా పక్కకి తిరుగుతుంది. మీ అబ్బాయికి చూపించండి, ఒక్కసారి గమనించాడంటే మరిచిపోడు.

నెమరు గడ్డిని మెత్తగా చేయడానికి మాత్రమే కాదు. నమిలినంతసేపూ లాలాజలం ఊరుతుంది. పెద్ద పాలావుకి రోజుకి 100 లీటర్ల పైనే ఊరుతుంది. అందులో మన వంటసోడాలో ఉండే బైకార్బనేటే ఉంటుంది. పొట్టలో పుట్టే పులుపుని ఎప్పటికప్పుడు విరిచేది అదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అన్నం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఆవుకి నాలుగు పొట్టలు అంటాం. నిజానికి అది నాలుగు గదులున్న ఒకే పొట్ట. మొదటిది రూమెన్, మా రైతులు పెద్దపొట్ట అంటారు. ఎడమ డొక్క అంతా అదే. పెద్ద ఆవులో 100 లీటర్లు దాటి పడుతుంది. అక్కడ గాలి ఆడదు, వేడి 39 డిగ్రీల దగ్గర ఉంటుంది, మేత ఎప్పుడూ నానుతూ ఉంటుంది. ఆ ద్రవం ఒక్క మిల్లీలీటరులో దాదాపు వెయ్యి కోట్ల బాక్టీరియా ఉంటాయి, లక్షల్లో ప్రోటోజోవాలు ఉంటాయి. కాలేజీలో మొదటిసారి ఒక చుక్కని మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు జాతరలో జనంలా కదులుతున్నాయి. ఆ రోజు నుంచి ఆవుని చూసే తీరే మారిపోయింది నాకు. డొక్క మీద పిడికిలి ఆనించి ఉంచితే నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపల పొట్ట కదిలి చేతిని పైకి తోస్తుంది. ఏ జబ్బుతో వచ్చిన ఆవునైనా నేను ముందు అక్కడే పట్టుకుని చూస్తాను.

ఆ సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి చిన్న చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో ఒకటి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లమే. పెద్దపొట్ట గోడలోంచి ఇవి నేరుగా రక్తంలోకి వెళ్తాయి. ఆవుకి కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం వీటి నుంచే వస్తుంది. గ్లూకోజ్ పేగుల నుంచి దాదాపు రాదు. ఆ ఆమ్లాల్లో ఒకదాన్ని తీసుకుని కాలేయం తయారు చేసుకుంటుంది.

మరి ప్రొటీన్ ఎక్కడి నుంచి? మీ అబ్బాయి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడ ఉంది. పెద్దపొట్టలో పెరిగిన బాక్టీరియా మేతతో పాటు నెమ్మదిగా కిందికి జారిపోతుంటాయి. తేనెపట్టు ఆకారంలో ఉండే రెండో గది, పుస్తకం పేజీల్లా మడతలుండే మూడో గది దాటి నాలుగో గదికి చేరతాయి. మన పొట్టలాగా ఆమ్లం ఊరేది ఆ నాలుగోదే. అక్కడ ఆ బాక్టీరియా చచ్చి, అరిగి, ఆవుకి ప్రొటీన్ అవుతాయి. బి విటమిన్లు కూడా అవే తయారుచేసి ఇస్తాయి. అంటే పులి జింకని తిని ప్రొటీన్ తెచ్చుకుంటే, ఆవు తన పొట్టలో గడ్డి వేసి పెంచిన సూక్ష్మజీవుల్ని అరిగించుకుని తెచ్చుకుంటుంది. "ఆవు గడ్డి మాత్రమే తిని బలంగా ఉంది" అన్న మాటలో మనం చూడని సగం ఇది.

ఇప్పుడు మీ అన్నం సంగతి. ఉడికిన అన్నం, చపాతీ, పులిహోర, రాగి ముద్ద, బెల్లం, ఇవన్నీ పెద్దపొట్టలో చాలా త్వరగా పులుస్తాయి. గడ్డి గంటల తరబడి నెమ్మదిగా పులిస్తే ఇవి ఒక్కసారిగా పులుస్తాయి. పైగా నమలడానికి ఏమీ ఉండదు, నెమరు తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది, పులుపుని విరిచేది లేకుండా పోతుంది. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉండాల్సిన అది 5 కిందికి పడిపోతుంది. గడ్డిని అరిగించే బాక్టీరియా చచ్చి, లాక్టిక్ ఆమ్లం చేసేవి విపరీతంగా పెరుగుతాయి. ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాగేసుకుంటుంది. ఆవు మేత మానేస్తుంది, నెమరు ఆపేస్తుంది, పుల్లటి వాసనతో పలచగా పేడ వేస్తుంది, తూలుతుంది, తర్వాత కూలబడిపోతుంది. కొన్ని గంటల్లో చూడకపోతే చనిపోతుంది కూడా.

కొన్నేళ్ల కిందట కె.ఆర్.పురం అవతల కొత్త అపార్ట్‌మెంట్‌లో వరసగా నాలుగు గృహప్రవేశాలు ఒకే ముహూర్తానికి పడ్డాయి. నాలుగు ఇళ్లకీ ఒకే ఆవుని తిప్పారు. ప్రతి ఇంట్లో చుట్టాలు భక్తితో బెల్లం కలిపిన బియ్యం, అరటిపళ్ళు, పొంగలి, లడ్డూలు తినిపించారు. ఎవరూ తప్పు చేయాలని చేయలేదు. ఆ సాయంత్రం ఎనిమిదింటికి యజమాని ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ఎడమ డొక్క ఉబ్బి, తడితే నీళ్ళ కుండలా కదులుతోంది, కళ్ళు లోపలికి పోయాయి. రాత్రంతా సెలైన్లు పెట్టాం, గొట్టం వేసి పొట్ట కడిగాం. మర్నాడు ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఆవు పెద్దపొట్ట ద్రవం తీసి దీనికి పట్టించాం, చచ్చిపోయిన సూక్ష్మజీవుల స్థానంలో కొత్తవి చేరాలని. బతికింది. కానీ గిట్టలు దెబ్బతిని నెలల తరబడి కుంటింది, పాలు మళ్ళీ మునుపటి స్థాయికి రాలేదు. ఆవు యజమాని కుటుంబం గడిచేది ఆ ఒక్క ఆవు మీదే.

"నేను పెట్టేది రెండు పిడికిళ్ళ అన్నమే కదా" అని మీరు అనవచ్చు. నిజమే, రెండు పిడికిళ్ళతో ఏమీ కాదు. కానీ మీ గేటు ఒక్కటే కాదు. పొద్దున పాలు పిండి వదిలిన ఆవు ఆ వీధిలో ఇరవై గేట్ల దగ్గర ఆగుతుంది. ప్రతి ఇంట్లోనూ మీలాంటి మంచి మనసున్న వాళ్ళే ఉంటారు. పండగ మర్నాడు, అమావాస్య నాడు ఇంకా ఎక్కువ పడుతుంది. మొత్తం ఎంత తిన్నదో ఎవరికీ లెక్క ఉండదు.

ఇంకో మాట. ఆవు నమలకుండా మింగుతుంది కాబట్టి కవరుతో పాటే మింగేస్తుంది. ప్లాస్టిక్ అరగదు, బయటికి పోదు, పెద్దపొట్టలోనే ముద్ద కట్టుకుపోతుంది. మేకులు, తీగ ముక్కలు రెండో గదిలో చేరతాయి. అది గుండెకి ఆనుకునే ఉంటుంది, గుచ్చుకుంటే నేరుగా గుండె పొర దాకా వెళ్తుంది. డొక్క కోసి ప్లాస్టిక్ తీసిన ఆపరేషన్లు నేను చాలా చేశాను. ఒకసారి తీసిందంతా బస్తాలో వేసి తూచితే 30 కిలోల పైన వచ్చింది. దయచేసి ఏది పెట్టినా కవరులో పెట్టకండి.

మరి ఏం పెట్టాలి? పచ్చగడ్డి మోపు దొరికితే అంతకన్నా మంచిది లేదు. అవిశాకు కట్ట మంచిది. చెన్నైలో అమావాస్య నాడు గుళ్ళ దగ్గర దీన్నే ఆవులకి తినిపిస్తారు, నాకు చాలా నచ్చిన అలవాటు అది. వంటింట్లో మిగిలే కొత్తిమీర కాడలు, తోటకూర కాడలు, బఠాణీ తొక్కలు, మొక్కజొన్న పొత్తుల మీది ఆకులు, పుచ్చకాయ తొక్కలు పెట్టవచ్చు. ఉల్లిపాయలు వద్దు, ఎక్కువైతే ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. గుండ్రంగా ఉండే బంగాళాదుంప, బీట్‌రూట్, మామిడి టెంక గొంతులో అడ్డం పడతాయి. బూజు పట్టిన చపాతీ అసలే వద్దు. పక్కన బకెట్ నీళ్ళు పెట్టండి, బెంగళూరు వీధుల్లో ఆవుకి మేత కన్నా శుభ్రమైన నీళ్ళు దొరకడం కష్టం.

మేసే జంతువు కదా, పచ్చగా ఉన్నదేదైనా పడుతుంది అనుకోకండి. మీ అపార్ట్‌మెంట్ తోటమాలి కత్తిరించి రోడ్డు మీద పడేసే గన్నేరు కొమ్మలు ఆవుకి ప్రాణాంతకం, కొద్దిగా తిన్నా గుండె ఆగిపోతుంది. ఆ కత్తిరింపులు బయట వేయవద్దని అసోసియేషన్‌లో చెప్పండి. మా అనంతపురం వైపు జొన్న కోసిన చేలో వచ్చే పిలకలు మేసి పశువులు పడిపోతే "నాము తగిలింది" అంటారు. లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది, అదే నాము.

అన్ని మేసే జంతువులూ ఒకేలా కూడా ఉండవు. ఆవు గడ్డిని నాలుకతో చుట్టి కోస్తుంది. గొర్రె చీలిన పెదవితో నేలకి ఆనించి కొరుకుతుంది. మేకకి గడ్డి కన్నా ఆకులు, రెమ్మలు ఇష్టం, ముళ్ళ మధ్య నుంచి చిగురు ఏరుకుంటుంది. గుర్రం నెమరు వేయదు. దానికి పులిసే తొట్టి పొట్టలో కాదు, వెనక పెద్దపేగులో ఉంటుంది. ఏనుగుకీ, కుందేలుకీ అంతే. అందుకే గుర్రం పేడలో గడ్డి పోచలు కనిపిస్తాయి, ఆవు పేడ మెత్తగా ఉంటుంది.

ఇక మాంసాహారులు. బన్నేరుఘట్ట పార్కుకి మీ అబ్బాయిని తీసుకెళ్ళండి, ఒకే రోజులో జింకనీ పులినీ రెండింటినీ చూడవచ్చు. జింక కళ్ళు పక్కలకి ఉంటాయి, మేస్తూనే చుట్టూ చూడాలి కాబట్టి. పులి కళ్ళు ముందుకి ఉంటాయి, దూకే దూరం కొలుచుకోవాలి కాబట్టి. పులి ఆవులిస్తే చూడమనండి. కోరలు పట్టుకోవడానికి, వెనక పళ్ళు కత్తెర లాగా కోయడానికి. దవడ పక్కకి తిరగదు, అది నమలదు, కోసి మింగుతుంది. మిగతా పని పొట్టలోని ఘాటైన ఆమ్లానిది. మాంసం త్వరగా అరుగుతుంది కాబట్టి పేగు పొట్టిగా ఉన్నా సరిపోతుంది. పిల్లి పేగు దాని ఒంటి పొడవుకి నాలుగు రెట్లు ఉంటే, ఆవు పేగు దాదాపు ఇరవై రెట్లు ఉంటుంది. పులి ఒక్క పూటలో 20 నుంచి 30 కిలోల మాంసం తిని తర్వాత రోజుల తరబడి తినకుండా ఉండగలదు. చాలా జూలలో వారానికి ఒకరోజు మాంసాహారులకి తిండి పెట్టరు. అదే ఆవు ఒక్కరోజు మేత ముట్టకపోతే నన్ను పిలవాల్సిందే.

మీ పిల్లి ఆ పులి కుటుంబానిదే. వేల ఏళ్ళుగా మనుషుల మధ్య ఉన్నా దాని ఒళ్ళు మారలేదు. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచి రావాలి, అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో, పప్పులో ఉండదు. మనం కారెట్ తింటే ఒంట్లో విటమిన్ ఎ తయారవుతుంది. పిల్లికి అది చేతకాదు, తయారైన విటమిన్ ఎ కావాలి. తీపి రుచి తెలిపే జన్యువు కూడా పిల్లిలో పనిచేయదు. పిండిపదార్థం మీద బతకడానికి తయారైన జంతువు కాదది. టారిన్ తగ్గితే మొదట కళ్ళ వెనకాల రెటీనా దెబ్బతింటుంది. గుండె కండరం కూడా పలచబడి సాగిపోతుంది. ఈ గుండె సంగతి 1987లో బయటపడింది, ఆ తర్వాతే పిల్లుల తిండి తయారుచేసే కంపెనీలు టారిన్ తగినంత కలపడం మొదలుపెట్టాయి.

మీలాంటి ఒక కుటుంబమే, నెల్లూరు వాళ్ళు, రెండేళ్ళ పిల్లిని తెచ్చారు. రాత్రిళ్ళు కుర్చీలకి గుద్దుకుంటోందని, కళ్ళు ఎప్పుడూ పెద్దవిగా తెరుచుకుని ఉంటున్నాయని చెప్పారు. చిన్నప్పటి నుంచీ పాలన్నమే. గుండె కొంత సాగింది. తిండి మార్చి టారిన్ ఇచ్చాక గుండె కుదుటపడింది కానీ పోయిన చూపు తిరిగి రాలేదు. ఆ ఇంటి పెద్దావిడ "మేం తినేదే ప్రేమగా పెట్టాం డాక్టర్" అని ఏడ్చారు. నేను గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టాను, ఆవిడ బాధ నాకు బాగా అర్థమైంది. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంట్లో మాంసం వండలేకపోతే పిల్లుల కోసం తయారుచేసిన సంపూర్ణ ఆహారం ప్యాకెట్లు, డబ్బాలు వాడండి. ప్యాకెట్ మీద సంపూర్ణ ఆహారం అని ఉండాలి, కేవలం చిరుతిండి కాకూడదు. కుక్కల తిండి పిల్లికి పెట్టకండి, అందులో సరిపడా టారిన్ ఉండకపోవచ్చు. వండగలిగితే చికెన్, చేప ఉడికించిన నీళ్ళతో సహా పెట్టండి, టారిన్ ఆ నీళ్ళలోకి దిగిపోతుంది. అప్పుడు కూడా మాంసం ఒక్కటే చాలదు, కాల్షియం చూసుకోవాలి, డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టండి. ఒక్కరోజులో మార్చేయకండి, వారం పది రోజుల మీద పాతది తగ్గిస్తూ కొత్తది పెంచండి. పిల్లి కొత్తదాన్ని ముట్టకుండా రెండు రోజులు పస్తుంటే కాలేయానికి ప్రమాదం.

కుక్క సంగతి వేరు. 2013లో వచ్చిన జన్యు పరిశోధనలో, పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు కుక్కల్లో తోడేళ్ళ కన్నా ఎన్నో ఎక్కువ నకళ్ళుగా ఉందని తేలింది. మనుషుల ఎంగిలి తిని మారిన ఒళ్ళు అది. పెరుగన్నంలో గుడ్డు కలిపి పెడితే చాలా కుక్కలకి బాగానే అరుగుతుంది.

కింద వ్యాఖ్యల్లో ఒకాయన "అడవిలో జింకలు ఎముకలు కొరుకుతాయి, మరి అవి శాకాహారులు ఎలా?" అని రాశారు. కొరుకుతాయి, నిజమే. ఆవులు కూడా కొరుకుతాయి. మేతలో ఫాస్ఫరస్ తక్కువైనప్పుడు ఎముకలు, మట్టి, గుడ్డపేలికలు నాకుతాయి. అది లోటుకి గుర్తు, ఖనిజ మిశ్రమం ఇస్తే ఆ అలవాటు తగ్గుతుంది. మాంసం ఆవుకి మేత అవుతుందని కాదు దానర్థం. బ్రిటన్‌లో పశువుల మాంసం, ఎముకల పొడిని దాణాలో కలిపి ఆవులకే పెట్టారు. 1986లో అక్కడ పిచ్చి ఆవు జబ్బు బయటపడింది, అది ఆ దాణా ద్వారానే వ్యాపించింది. 1988లో అలాంటి దాణాని అక్కడ నిషేధించారు.

మీ గేటు దగ్గరి ఆవు ఎప్పుడైనా ఎడమ డొక్క ఉబ్బి, నెమరు వేయకుండా, తల వేలాడేసి నిలబడితే నీళ్ళు, నూనె, మందులు ఏవీ మీరు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1962కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ పశువైద్య వాహనాల నంబరు. ఏం తిన్నది, ఎన్నింటికి తిన్నది చెప్పగలిగితే డాక్టర్‌కి సగం పని తప్పుతుంది.

మీ పిల్లి వయసెంత, బరువెంత, ఎన్నాళ్ళుగా పెరుగన్నం మీద ఉందో కింద రాయండి. చీకట్లో ఎక్కడైనా గుద్దుకుంటోందా, ఆడుకున్నాక త్వరగా అలిసిపోతోందా అన్నది కూడా చూడండి. ఈ రెండిట్లో ఒక్కటి ఉన్నా తిండి మార్చి ఊరుకోకుండా, గుండె స్కానింగ్ చేసే క్లినిక్‌కి ఒకసారి తీసుకెళ్ళండి.